చెక్కా, ప్లాస్టిక్కా? గోదావరి డెల్టా గోదాములకు ప్యాలెట్ల ఎంపిక

సరుకు నేలకు తగలకుండా కింద వేసే పలకల బల్లలను, అంటే ప్యాలెట్లను, కొనాలనుకునేవారు దాదాపు అందరూ చెక్కవి మంచివా, ప్లాస్టిక్‌వి మంచివా అని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. మీ గోదాములో ప్యాలెట్ సరుకుతో పాటు కదులుతుందా, లేక ఒకసారి పరిస్తే సరుకు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉంటుందా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇది తేల్చుకోకుండా కొన్నవారు అవసరం లేనంత ఖరీదైన ప్యాలెట్లైనా కొంటారు, బరువుకు విరిగిపోయే ప్యాలెట్లైనా కొంటారు.

మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో చాలాచోట్ల బస్తా ఇప్పటికీ హమాలీ భుజం మీదే వస్తుంది, భుజం మీదే లారీ ఎక్కుతుంది. అక్కడ ప్యాలెట్‌కు ఉన్న పనల్లా బస్తాను నేలకు తగలనివ్వకపోవడమే. నాలుగు వైపుల నుంచీ ఫోర్కు, అంటే ప్యాలెట్‌ను ఎత్తే యంత్రపు ఇనుప చేతులు, దూరే ఏర్పాటు దానికి అక్కర్లేదు. ర్యాకులో పెట్టినా వంగనంత గట్టితనమూ అక్కర్లేదు. భీమవరం వైపు మేత కంపెనీల్లో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో సంగతి వేరు. అక్కడ ప్యాలెట్ రోజుకు ఎన్నోసార్లు లేచి దిగుతుంది, ఫోర్క్‌లిఫ్ట్ మొన పోట్లు తింటుంది, తడుస్తుంది, గడ్డకడుతుంది. పేరు ఒకటే అయినా ఈ రెండూ వేర్వేరు వస్తువులు అనుకుని బేరానికి దిగండి.

కదలని ప్యాలెట్

బస్తాల దొంతర కింద వేసే ప్యాలెట్‌ను మన గోదాముల్లో క్రేటు అనడం కూడా అలవాటు. దీని మీద పడే బరువును చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 50 కిలోల బియ్యం బస్తాలు 20 వరసల ఎత్తు పేరిస్తే ఒక్క చదరపు మీటరు మీద రెండు టన్నులకు పైగా పడుతుంది. అయినా ఆ బరువంతా నిలువుగా నేలలోకి దిగిపోతుంది కాబట్టి మామూలు చెక్క క్రేటు సులువుగానే మోస్తుంది. ఇక్కడ బలం కంటే ముఖ్యమైనవి రెండు. అన్ని క్రేట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. పైపలకల మధ్య సందు మరీ వెడల్పు కాకూడదు.

ఎత్తులో తేడా వస్తే ఏమవుతుందో పాత దొంతర దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. పక్కపక్క క్రేట్లలో ఒకటి వేలెడు ఎత్తు తక్కువైతే కింది వరసల్లో తేడా కనిపించదు. పదో వరస దాటేసరికి బస్తాలు ఒక పక్కకు ఒరుగుతూ ఉంటాయి. పైకి వెళ్లే హమాలీకి అది ప్రాణాపాయం. కొత్త క్రేట్లను పాతవాటితో కలిపి పరిచేముందు ఈ చివరి నుంచి ఆ చివరికి దారం లాగి చూడండి. దారానికి తగిలేవి, అందనివి వేరు చేసి ఇంకో దొంతరకు వాడండి. ఇక సందు విషయం. రెండు వేళ్లకు మించి సందు ఉంటే గోనె అందులోకి జారి, పలక అంచు దగ్గర కుట్టు తెగుతుంది. సందు అసలే లేకపోతే గాలి ఆడదు.

మన దగ్గర గాలి ఆడటం చిన్న విషయం కాదు. డెల్టా నేల నల్లని బంకమట్టి, కాలువలు నిండితే భూగర్భజలం పైకి వస్తుంది. కింద ప్లాస్టిక్ పట్టా వేయకుండా పోసిన కాంక్రీటు గచ్చు ఆ తడిని పీల్చి పైకి పంపుతూనే ఉంటుంది. పైకి పొడిగా కనిపించే గచ్చు మీద రాత్రి ఒక పాలిథిన్ ముక్క పరిచి, అంచులు టేపుతో అతికించి, మర్నాడు సాయంత్రం ఎత్తి చూడండి. అడుగున చెమట పట్టి ఉంటే ఆ గోదాములో క్రేటు మాత్రమే వేస్తే సరిపోదు. గచ్చు మీద మందపాటి పాలిథిన్ పట్టా, దాని మీద క్రేటు, వీలైతే క్రేటు మీద వెదురు చాప ఉండాలి. ప్రభుత్వ గిడ్డంగులు చెక్క క్రేట్లు, వెదురు చాపలు, పాలిథిన్ పట్టాలు కలిపి వాడే పద్ధతి ఏళ్లుగా నడుస్తున్నది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ప్రభుత్వ సేకరణలో ధాన్యానికి 17 శాతం తేమ దాటకూడదనీ, బియ్యానికి 14 శాతం దాటకూడదనీ మిల్లరుకు తెలియనిది కాదు. 14 శాతంతో లోపలికి వెళ్లిన బస్తా శ్రావణ భాద్రపదాలు గడిచి బయటికి వచ్చేటప్పటికి ఎంతతో వస్తుందన్నది చాలావరకు కింద వేసినదాని మీదే ఆధారపడుతుంది.

అందుకే భుజం మీద సరుకు నడిచే మిల్లుకు నా సలహా స్పష్టంగా చెబుతాను. మంచి చెక్క క్రేట్లు కొనండి, మిగిలిన డబ్బు గచ్చు మీదా కప్పు మీదా పెట్టండి. ఈ పనికి ఖరీదైన ప్లాస్టిక్ ప్యాలెట్లు దండగ.

ఏ చెక్క?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. డెల్టాలో దొరికే చెక్కలన్నీ ఒక తీరున ఉండవు. అమ్మేవారు మాత్రం అన్నింటినీ చెక్క అనే ఒక్క మాటతోనే అమ్ముతారు.

మామిడి చెక్క తేలిక, మేకు సులువుగా దిగుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. పురుగు, బూజు పట్టడంలో మాత్రం అన్నింటికంటే ముందుంటుంది. మందు పట్టించని మామిడి క్రేటును వర్షాకాలంలో తడిగచ్చు మీద వదిలేస్తే చెక్కలోంచి సన్నని పొడి రాలడం మొదలవుతుంది. ఆ పొడి కనిపించిందంటే లోపల పురుగు చాలాకాలంగా కాపురం ఉందని అర్థం. సరుగుడు తీరప్రాంతమంతా పెరుగుతుంది. బరువుకు బాగా నిలుస్తుంది కానీ చివర్లలో మేకు కొడితే చీలుతుంది. సరుగుడు పలకకు ముందు బెజ్జం వేసి మేకు కొట్టే వడ్రంగి దొరికితే వదులుకోకండి. నీలగిరి పచ్చిగా కోసి వాడితే ఆరేకొద్దీ మెలితిరుగుతుంది. వేప బాగుంటుంది, దొరికేది తక్కువ.

కోనసీమలో కొబ్బరి చెక్క క్రేట్లు చవగ్గా వస్తాయి. కొబ్బరి మానులో బెరడు వైపు భాగం రాయిలా గట్టిగా ఉంటుంది, నడిమి భాగం మెత్తగా పీచులా ఉంటుంది. రెండూ ఒకే మానులోంచి వచ్చే పలకలే. గుర్తుపట్టడం కష్టం కాదు. పలక చివర కోతను చూడండి. ముదురు గోధుమ రంగు చుక్కలు ఒత్తుగా ఉంటే అది బయటి భాగం. చుక్కలు దూరదూరంగా, మధ్యలో లేత రంగు ఎక్కువగా ఉంటే లోపలి భాగం. గోరుతో నొక్కితే దిగబడే పలకను బరువు మోసే చోట వేయనివ్వకండి. గట్టి భాగంతో చేసిన కొబ్బరి క్రేటు, ఆరబెట్టి మందు పట్టిస్తే, మామిడి క్రేటు కంటే మేలని నా అభిప్రాయం.

ఏ చెక్కైనా ఆరిందా లేదా అన్నది మొదటి పరీక్ష. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు సాధారణంగా పట్టదు. తేమ కొలిచే చిన్న మీటరు పెద్ద ఖరీదు కాదు. ధాన్యం తేమ చూడకుండా కొనని మిల్లరు చెక్క తేమ చూడకుండా కొనడం ఎందుకు? రెండో పరీక్ష మేకు. నున్నటి మేకులు చెక్క ఆరి కుంచించుకున్నాక పైకి లేస్తాయి. లేచిన మేకు తల బస్తాను చింపుతుంది, హమాలీ కాలిని కూడా చీరుతుంది. మెలికలున్న మేకులు, లేదా ఒంటి మీద గాట్లున్న మేకులు వాడమని ముందే చెప్పండి. ప్రతి అతుకు దగ్గర ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టండి. ఒక్క మేకు ఉన్న పలక తిరుగుతుంది.

కదిలే ప్యాలెట్

ప్యాలెట్ ఫోర్కు మీదికి ఎక్కుతుందంటే లెక్క మారిపోతుంది. ఇక్కడ కొలతలు చెక్కకూ ప్లాస్టిక్‌కూ మధ్య తేడా కంటే ముందు వస్తాయి.

మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది 1200 × 1000 మి.మీ. ప్యాలెట్. యూరప్‌లో 1200 × 800 వాడకం ఎక్కువ, తూర్పు ఆసియా దేశాల్లో 1100 × 1100 చదరపు ప్యాలెట్ కనిపిస్తుంది. మీ సరుకు ఏ కొలతకు చక్కగా పరుచుకుంటుందో నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోండి. 25 కిలోల రొయ్యల మేత బస్తాలు 1200 × 1000 మీద వరసకు ఐదు చొప్పున పడతాయి. ఎనిమిది వరసలకు 40 బస్తాలు, సరిగ్గా టన్ను. లెక్క రాసుకోవడం కూడా తేలిక. అంబాజీపేట, అమలాపురం వైపు కొబ్బరి పొట్టు దిమ్మెలు ఎగుమతి చేసేవారికి ఇంకో ఉదాహరణ. ఐదు కిలోల దిమ్మె సుమారు 30 సెం.మీ. చదరం. 1200 × 1000 మీద ఒక వరసకు పన్నెండు పడి, ఒక పక్క 10 సెం.మీ. మిగులుతుంది. 1100 × 1100 మీద తొమ్మిదే పడి, రెండు వైపులా 20 సెం.మీ. చొప్పున ఖాళీ పోతుంది. కంటైనరులో చోటుకు డబ్బు కట్టేది మీరే. బస్తా గానీ డబ్బా గానీ ప్యాలెట్ అంచు దాటి వేలాడకూడదు. వేలాడిన సరుకే ముందు చిరుగుతుంది.

తర్వాత ప్యాలెట్‌ను ఎత్తి చేత్తో లాగే హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కు. దించినప్పుడు దాని ఫోర్కు ఎత్తు సుమారు 85 మి.మీ. ఉంటుంది. ప్యాలెట్ అడుగు సందు 100 మి.మీ. ఉంటేనే గచ్చు ఎగుడుదిగుళ్లకూ, పలక కుంగుడుకూ కాస్త వెసులుబాటు మిగులుతుంది. మామూలు ఫోర్కు పొడవు 1150 మి.మీ. 1200 లోతున్న వైపు నుంచి దూరిస్తే మొన లోపలే ఉంటుంది. అదే ప్యాలెట్‌ను 1000 లోతున్న వైపు నుంచి ఎత్తితే మొనలు అవతలికి 15 సెం.మీ. పొడుచుకు వస్తాయి. అవతల ఇంకో ప్యాలెట్ ఉంటే దాని కింది బస్తాలకు రెండు బెజ్జాలు పడతాయి. గోదాములో మేత బస్తాలు ఎప్పుడూ ఒకే ఎత్తులో, రెండేసి చోట్ల చిరుగుతున్నాయంటే ఎలుకను అనుమానించేముందు ఫోర్కు మొనను చూడండి.

ఇంకొక చిక్కు ప్యాలెట్ అడుగు పలకలతో వస్తుంది. హ్యాండ్ ట్రక్కు ఫోర్కు చివర కింద చిన్న చక్రాలుంటాయి. పంపు కొడితే అవి కిందికి దిగి నేలను తంతాయి, ప్యాలెట్ పైకి లేస్తుంది. ఆ చక్రం దిగే చోట అడుగు పలక ఉంటే అది నేల మీదికి దిగకుండా పలక మీద దిగుతుంది. అప్పుడు పలక ఊడి వస్తుంది. ప్యాలెట్ తిరగేసి, అడుగు పలకల మధ్య ఖాళీలు ఎక్కడున్నాయో కొలిచి, మీ ట్రక్కు చక్రం సరిగ్గా ఆ ఖాళీలో దిగుతుందో లేదో కొనకముందే చూసుకోవాలి. రెండు వైపులా ఒకేలా పలకలు కొట్టిన ప్యాలెట్లు హ్యాండ్ ట్రక్కుకు పనికిరావు, ఫోర్క్‌లిఫ్ట్‌కే సరి. నేల మీద కాళ్లు చాచి నడుస్తూ ప్యాలెట్లను ఎత్తి పెట్టే యంత్రం, అంటే స్టాకర్, ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అడుగున చుట్టూ పలక ఉన్న ప్యాలెట్ కిందికి దాని కాళ్లు దూరవు.

ప్లాస్టిక్ ఎక్కడ గెలుస్తుంది

కోల్డ్ స్టోరేజీలో ప్లాస్టిక్‌దే పైచేయి. ఎగుమతి రొయ్యల ప్లాంటులో ప్రాసెసింగ్ గదుల్లోకి చెక్కను రానివ్వరు. చెక్క తడిని పీల్చుకుంటుంది, కడిగినా లోపలి మురికి పోదు. ప్లాస్టిక్‌లోనూ రకాలున్నాయి. మైనస్ 18 డిగ్రీలూ అంతకంటే తక్కువా ఉండే గదికి హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్ రకం ప్యాలెట్ కావాలి. మామూలు పాలీప్రొపిలీన్ చలికి పెళుసెక్కి, ఫోర్కు తగిలిన చోట పెంకులా విరుగుతుంది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన నల్లటి ప్యాలెట్లు చవక. పొడి గోదాములో నేల మీద వాడుకోవచ్చు. చలిగదికి మాత్రం, ఏ ప్లాస్టిక్ కలిసిందో రాతపూర్వకంగా చెప్పలేని అమ్మకందారు దగ్గర వాటిని కొనకండి. పైభాగం జాలీలా ఉన్నది తీసుకుంటే సరుకు నింపిన పెద్ద అట్టపెట్టెల (మాస్టర్ కార్టన్ల) కింద చల్లగాలి తిరుగుతుంది. మూసిన పైభాగం మీద కడిగిన నీళ్లు నిలిచి మంచు పేరుకుంటాయి.

ప్లాస్టిక్ లోపాలు కూడా చెప్పాలి. నున్నటి ప్లాస్టిక్ మీద నేత సంచులు జారతాయి. తడి ఫోర్కు మీద ప్లాస్టిక్ ప్యాలెట్టే జారుతుంది. పైన రబ్బరు బొడిపెలున్నవి కొంచెం ధర ఎక్కువైనా తీసుకోండి. ఎండలో ఏళ్ల తరబడి పడేస్తే రంగు వెలిసి పెళుసెక్కుతుంది. విరిగితే వడ్రంగి బాగుచేయలేడు. చెక్క ప్యాలెట్‌లో ఒక పలక మార్చి ఇంకో రెండు సీజన్లు నడపవచ్చు. ఆ సౌలభ్యం ప్లాస్టిక్‌కు లేదు.

వరద సంగతి వేరేగా చెప్పాలి. 1986లో గోదావరికి వచ్చిన వరద గురించి పెద్దవారు చెబుతారు, 2022 జులై వరద అందరూ చూసిందే. ప్యాలెట్ ఎత్తు జానెడు కూడా ఉండదు. లోపలికి మోకాలి లోతు నీళ్లు వస్తే ఏ ప్యాలెట్టూ కింది వరసను కాపాడలేదు. లంక గ్రామాల దగ్గరా, ఏటిగట్టుకు లోపలి వైపునా ఉన్న గోదాముకు అరుగు ఎత్తు పెంచడమే మార్గం. నీళ్లు తీసిన తర్వాత మాత్రం తేడా కనిపిస్తుంది. ప్లాస్టిక్ ప్యాలెట్‌ను కడిగి మర్నాడే వాడుకోవచ్చు. నానిన చెక్క నీడలో గాలికి వారాల తరబడి ఆరాలి, ఆరాక కూడా తేమ మీటరు పెట్టి చూడకుండా బియ్యం కింద వేయకూడదు. తరచుగా నీళ్లు దూరే చోట ఈ ఒక్క కారణంతోనే ప్లాస్టిక్ ధర కిట్టుబాటవుతుంది.

ఇనుప ప్యాలెట్లు బరువైన యంత్రభాగాలకు తప్ప ఇక్కడ పెద్దగా అక్కర్లేదు. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి రంగు గీసుకుపోయిన చోటల్లా తుప్పు పడుతుంది. తప్పదనుకుంటే జింకు పూత పూసినవి (గాల్వనైజ్ చేసినవి) తీసుకోండి. చెక్కపొట్టును అచ్చుపోసి చేసిన ప్యాలెట్లు, అట్ట ప్యాలెట్లు తేలికగా బాగుంటాయి కానీ మన వర్షాకాలానికి నిలవవు.

రొయ్యల చెరువు గట్టున చిన్న షెడ్డులో పది పదిహేను రోజుల మేత నిల్వ చేసే రైతుకు ప్యాలెట్ కొనమని చెప్పను. ఇటుకల మీద సరుగుడు వాసాలు వేసి, పైన పలకలు పరిస్తే చాలు. చీపురు దూరేంత ఎత్తు ఉండాలి, గోడకు రెండడుగుల ఎడం ఉండాలి. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. బ్లీచింగ్ పౌడరు, సున్నం, మందులు పెట్టిన చెక్కల మీద ఆ తర్వాత మేత పెట్టకండి. చెక్క వాటిని పీల్చుకుని దాచుకుంటుంది. వాటికి వేరే బల్ల, వీలైతే వేరే మూల ఉండాలి.

ర్యాకు ఎక్కించేముందు

ప్యాలెట్ కాగితాల మీద మూడు బరువులు రాసి ఉంటాయి. స్టాటిక్ లోడ్ అంటే నేల మీద కదలకుండా ఉన్నప్పుడు మోసేది. డైనమిక్ లోడ్ అంటే ఫోర్కు మీద కదులుతూ మోసేది. ర్యాకింగ్ లోడ్ అంటే రెండు దూలాల మీద అంచులు మాత్రమే ఆని, నడుమంతా గాలిలో ఉన్నప్పుడు మోసేది. మామూలు ప్లాస్టిక్ ప్యాలెట్ నేల మీద నాలుగు టన్నులు, ఫోర్కు మీద టన్ను నుంచి టన్నున్నర మోస్తుంది. ర్యాకులో టన్ను మోసేవి తక్కువ. కొన్నింటికి ర్యాకింగ్ లోడ్ అసలే ఇవ్వరు. అమ్మేవారు పెద్ద అక్షరాలతో చూపించేది మాత్రం మొదటి అంకెనే. ర్యాకు వేసుకునేవారు మూడో అంకె తప్ప మిగతావి చూడనక్కర్లేదు.

నడుమ ఆధారం లేని ప్యాలెట్ బరువుకు నులక మంచంలా కుంగుతుంది. చెక్క కొంత కుంగి ఆగుతుంది. ప్లాస్టిక్ రోజులు గడిచేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ ఇంకా ఇంకా కుంగుతుంది. రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద, పై అరలో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఆ బరువులు తేల్చే పరీక్షల గదిలో అంత వేడి ఉండదు. అందుకే రేకుల షెడ్డులో ప్లాస్టిక్ ప్యాలెట్‌ను ర్యాకు ఎక్కించాలంటే లోపల ఇనుప గొట్టాలు అమర్చిన రకమే తీసుకోండి. రాసిన ర్యాకింగ్ లోడ్‌ను పూర్తిగా వాడకుండా కొంత తగ్గించుకోండి. లేదా దూలాల మధ్య అడ్డకమ్మీలు గానీ, ఇనుప జాలీ గానీ వేయించండి. చాలాసార్లు ఖరీదైన ప్యాలెట్లు మార్చడం కంటే ఇది చవకలో అయిపోతుంది.

ర్యాకు గురించి ఇంకొంత. ప్యాలెట్ ముందూ వెనకా దూలం దాటి మూడు నాలుగు వేళ్ల వెడల్పు బయటికి ఉండాలి. మరీ అంచు మీద ఆగిన ప్యాలెట్ చిన్న కుదుపుకే జారుతుంది. దూలం కొక్కేలకు సేఫ్టీ పిన్నులు ఉన్నాయో లేదో ప్రతిదీ చేత్తో తాకి చూడాలి. కాళ్లను గచ్చులోకి బోల్టులతో బిగించాలి. బంకమట్టి నేల ఎండకు బీటలువారి, వానకు ఉబ్బుతుంది. గచ్చు కింద మట్టి సరిగ్గా తొక్కించని షెడ్డులో ర్యాకు కాళ్లు ఏడాదిలో ఒకవైపు దిగుతాయి. కాబట్టి వర్షాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి నిలువు గుండు కట్టి కాళ్ల వాలు చూసుకోండి. ఫోర్క్‌లిఫ్ట్ తగిలి సొట్టపోయిన కాలు ఉంటే ఆ వరస దించేయించి, మార్చాకే మళ్లీ ఎక్కించండి. సుత్తితో సరిచేసిన కాలికి ముందున్న బలం ఉండదు. బరువైనవి కింద, తేలికైనవి పైన పెట్టాలి. ప్రతి వరస దగ్గర ఎంత బరువు వరకు పెట్టవచ్చో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టండి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు చదవాలి కదా.

వాడిన ప్యాలెట్లు, ముద్రలు

కాకినాడ రేవు చుట్టుపక్కల దిగుమతి సరుకుతో వచ్చిన పాత ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయి. వాటిలో మంచివి ఉంటాయి, కొనకూడనివీ ఉంటాయి. పక్క దిమ్మె మీద కాల్చిన ముద్ర చూడండి. గోధుమ కంకి బొమ్మ, దేశం గుర్తు, చివర హెచ్‌టీ లేదా ఎంబీ అన్న అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించారని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రొమైడ్ పొగ పెట్టారని అర్థం. తిండి సరుకు కింద ఎంబీ ముద్ర ఉన్నది వేయకండి. నూనె మరకలు, రంగు మారిన మచ్చలు, మందు వాసన ఉన్నది ముద్ర ఏదైనా వద్దు.

చెక్క ప్యాలెట్ మీద ఎగుమతి చేసేవారికి ఈ ముద్ర తప్పనిసరి. చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా చూసే ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం 2002 నుంచి ఉంది. ముద్ర లేని ప్యాలెట్‌ను అవతలి రేవులో ఆపేస్తారు. అనుమతి ఉన్న సంస్థ చేత వేడి చేయించి ముద్ర వేయించుకోవాలి. ముద్ర ఉన్న ప్యాలెట్‌కు మీ వడ్రంగి మామూలు పలక ఒకటి మార్చినా ఆ ముద్ర చెల్లదు. ప్లైవుడ్‌కూ ప్లాస్టిక్‌కూ ఈ నియమం వర్తించదు. ఏడాదికి నాలుగైదు కంటైనర్లు మాత్రమే పంపేవారికి ప్లైవుడ్ ప్యాలెట్ తలనొప్పి లేని దారి.

కొన్నాక చూసుకోవలసినవి

ఖాళీ ప్యాలెట్లను గోడకు నిలువుగా ఆనించకండి, మీద పడతాయి. పడుకోబెట్టి ఆరడుగులు దాటకుండా పేర్చండి. ఖాళీ ప్యాలెట్ల గుట్ట, చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా, అంటుకుంటే ఆపడం కష్టం. ఊక దుమ్ము ఉండే మిల్లులో ఆ గుట్టను గోదాము బయట, గోడకు దూరంగా పెట్టండి. మనుషులను ప్యాలెట్ మీద నిలబెట్టి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తించడం చాలాచోట్ల చూస్తాం. పై అరలో బల్బు మార్చడానికైనా సరే, ఒప్పుకోకండి.

బస్తాలను ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా మార్చి పేరిస్తే దొంతర కట్టుగా నిలుస్తుంది. అట్ట డబ్బాలను అలా పేర్చకూడదు. డబ్బా బలం దాని మూలల్లో ఉంటుంది కాబట్టి మూల మీద మూల రావాలి. ప్రతి ప్యాలెట్ మీద అంకె వేసి, సరుకు వచ్చిన తేదీ రాయండి. ముందు వచ్చింది ముందు పోవాలి. దాళ్వా బియ్యం వెనకపడి, సార్వా బియ్యం ముందు కదిలితే ముక్కు పురుగుకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. దొంతర ఖాళీ అయినప్పుడల్లా క్రేట్లను తిరగేసి దులిపి, ఒక పూట ఎండలో పెట్టి, కింది గచ్చు ఊడ్చి ఆ తర్వాతే మళ్లీ పరచండి. చెదపుట్ట మట్టిగీత కనిపించిన క్రేటును మిగతావాటితో కలపకుండా అప్పుడే బయట పెట్టండి.

పెద్ద ఆర్డరు ఇచ్చేముందు రెండు మూడు నమూనాలు తెప్పించుకోండి. ర్యాకు కోసమైతే ఒక నమూనాను మీ ర్యాకు దూలాల ఎడంతోనే కింది అరలో ఆనించి, మీరు వాడే బరువంతా ఎక్కించండి. ప్యాలెట్ అడుగున ఈ దూలం నుంచి ఆ దూలానికి దారం బిగించి కట్టి, నడుమ ఎంత కుంగిందో స్కేలుతో కొలిచి గోడ మీద తేదీతో రాయండి. వారం పాటు మధ్యాహ్నపు వేడిలో రోజూ కొలవండి. మూడో రోజుకల్లా అంకె ఆగిపోతే ఆర్డరు ఇవ్వవచ్చు. ఏడో రోజు కూడా పెరుగుతూనే ఉంటే కాగితం మీద ఏం రాసి ఉన్నా ఆ ప్యాలెట్‌ను తిప్పి పంపేయండి.